అనూహ్య ఏరిన ఫొటోలు

పోయిన ఎండాకాలం మా అనూహ్య జుట్టు కట్ చేయించుకుంటనని అన్నప్పుడు నేను సంతోషపడ్డ. ముందుగాల ఈ మాట ఒప్పుకుంటే తప్ప మిగిలింది చెప్పుడు కాదు నాతోని.

రెండేండ్ల నుంచి మా ఇంట్ల గ్రూప్స్ పరీక్ష తప్ప వేరే ముచ్చట లేదు. మాది చిక్కడపల్లి, లైబ్రరీకి రెండు గల్లీల అవతల, మొదటి అంతస్తుల పోర్షను. అనూహ్య పొద్దున ఏడింటికి డబ్బా పట్టుకుని లైబ్రరీకి పోయేది. సాయంత్రం వచ్చి ఇంట్ల టేబుల్ ముందట కూసునేది. రెండు సార్లు రాసింది. రెండోసారి మూడు మార్కుల్ల పోయింది. డిసెంబర్ల ఆ రిజల్ట్ వచ్చిన రోజు ఏడ్వలే. అన్నం తిన్నది, పళ్ళెం కడిగి బోర్లించింది, మళ్ళ పుస్తకం తీసింది. మా ఆయన ఇంద్రసేన, "గట్టి పిల్ల," అన్నడు. నేను కూడ గట్లనే అనుకున్న.

ఏప్రిల్ ఆఖర్ల నా స్కూలుకు సెలవులిచ్చిండ్రు. నేను నారాయణగూడల ఒక ప్రైవేటు స్కూల్ల రెండో తరగతికి చెప్త. సెలవులిచ్చిన రెండో రోజో మూడో రోజో, బాల్కనీల బట్టలు ఆరేస్తుంటే అనూహ్య వచ్చి ఫోన్ నా ముందట పెట్టింది.

"అమ్మా, ఇండ్ల ఏది మంచిగున్నదో చూడు."

పద్దెనిమిది ఫొటోలున్నయి. అన్నీ ఆడపిల్లల తలలే. భుజాల దాక ఉన్నవి, మెడ దాక ఉన్నవి, నుదుటి మీద పడేవి, అలలు అలలుగ ఉన్నవి.

"ఎవరివే ఇవన్నీ?"

"ఎవరివైతేంది. ఇట్ల ఒకటి చేయించుకుందమనుకుంటున్న. ఫొటో చూపిస్తే పార్లర్ల వాళ్ళకు మంచిగ తెలుస్తదట. అందుకే ఏరి పెడ్తున్న."

దాని జడ నడుము దాటి ఉండేది. పెండ్లిళ్ళల్ల ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి పట్టుకుని చూసేటోళ్ళు. ఆ జడ పోతదంటే నాకు మనసు చివుక్కుమన్నది. కానీ రెండేండ్లల్ల ఆ పిల్ల పుస్తకం కాకుండ ఇంకోటి నాకు చూపించుడు అదే మొదటిసారి. నేను తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ తీసుకున్న.

"భుజాల కిందికి ఉంచుకో. మరీ పొట్టిగ వద్దు," అన్న.

"సరే," అన్నది.

ఆ మూడు వారాలు మేమిద్దరం ఫొటోలు ఏరినం. ఎండ దిగినంక బాల్కనీల చాప ఏసుకుని కూసునేటోళ్ళం. కింద గల్లీల సోడా బండి గంట వినపడేది. అది ఫోన్ల చూపిస్తుంటే నేను ఆదివారం పేపర్ల పుస్తకాలు ముందటేసుకుని బొమ్మలు కత్తిరించేదాన్ని. ఒకసారి నారాయణగూడ మెట్రో స్టేషన్ మెట్ల మీద నా ముందట ఒక పిల్ల పోతుంటే దాని జుట్టు కట్ మస్తు నచ్చింది నాకు. ఆపి అడిగిన. "మా బిడ్డకు చూపిస్తనమ్మా, వెనక నుంచి ఒక్క ఫొటో తీసుకుంట." ఆ పిల్ల నవ్వి గోడ దిక్కు తిరిగి నిలబడ్డది. యాభై రెండేండ్ల టీచర్ని, ఫోన్ పట్టుకుని మెట్ల మీద ఒంగి నిలబడ్డ. ఇంటికొచ్చి చెప్తే అనూహ్య కడుపు పట్టుకుని నవ్వింది. అది అట్ల నవ్వి ఎన్ని రోజులైందో.

నవ్వి, ఫొటో చూసి, "వద్దమ్మా," అన్నది.

"ఎందుకే, ఎంత మంచిగున్నది."

"చెవులు కనపడ్తున్నయి."

"నీ చెవులకేమైంది?"

"పెద్దగుంటయి."

నేను తెచ్చినవన్నీ ముఖమంతా కనపడేటట్టు వెనక్కి దువ్వినవి. అది ప్రతిదానికీ ఒక వంక చెప్పేది. నా ముఖం గుండ్రం, నా నుదురు వెడల్పు, ఇది తెల్లోళ్ళకే బాగుంటది. అది ఏరినవాటిల్ల పాపిట ఎప్పుడూ కుడి దిక్కుండేది. జుట్టంతా తెచ్చి ఎడమ చెవి మీద ఏసి ఉండేది. ఒకటి కాదు రెండు కాదు, నలభై ఒక్కటి. నేను ఆ నలభై ఒక్కటీ చూసిన. పిల్లల నోట్‌బుక్కుల్ల ఒక దీర్ఘం తప్పితే ఎర్ర పెన్నుతోని చుట్టే మనిషిని, నాకది కనపడలే.

కనపడాల్సినయి ఇంకా ఉన్నయి. దాని టేబుల్ కింద రోజూ వెంట్రుకలు ఊడ్చేదాన్ని. చదువుల వేడి చేసిందనుకున్న. మెంతులు నానబెట్టి రుబ్బిన. నేను తలకు పెడ్తనంటే గిన్నె నా చేతులకెల్లి తీసుకుని తనే పెట్టుకుంటనని బాత్రూంలకు పోయింది. చలికాలం నుంచి తల ముట్టనిస్తలేదు. "ఇరవై ఆరేండ్లొచ్చినయమ్మా నాకు," అనేది. నిజమే కదా అనుకున్న.

మే నడిమిట్ల పార్లర్‌కు పోయినం. అశోక్ నగర్ల ఒక జిరాక్స్ షాపు మీద హారతి గారి పార్లర్. వాళ్ళ తాత గుంటూరు నుంచి ఆఫీసు ఉద్యోగానికి వచ్చి ఇక్కడనే ఉండిపోయిండట. ఆమె నాకన్న పదేండ్లు చిన్నది. ఆ గల్లీలన్నీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. ఆమె దగ్గరికి వచ్చేటోళ్ళు ఎక్కువ ఆ హాస్టల్ పిల్లలే.

"రండి టీచర్ గారూ. ఏంటమ్మా, అంత జడా తీసేయమంటావా?" అని కుర్చీ చూపించింది.

అనూహ్య కుర్చీల కూసుని ఫోన్ ఇచ్చింది. "అక్కా, ఇండ్ల మీకు ఏది కుదురుతదనిపిస్తే అది."

హారతి గారు నిలబడే ఫొటోలు జరిపింది. పది దాటినంక ఆమె వేలు నెమ్మదైంది. మళ్ళ మొదటికి పోయి చూసింది. ఫోన్ అద్దం ముందట బోర్లించి పెట్టి, నా దిక్కు తిరిగింది.

"టీచర్ గారూ, కింద షాపులో ఒక మంచినీళ్ళ బాటిల్ తెచ్చి పెడతారా? మా దగ్గర నీళ్ళు అయిపోయాయి."

మూలకు క్యాన్ల సగం నీళ్ళు కనపడ్తనే ఉన్నయి. నేను లేవాల్నా వద్దా అనుకుంటుంటే అనూహ్యనే, "వద్దక్కా. అమ్మను ఉండనియ్యిరి," అన్నది.

హారతి గారు కుర్చీ పక్కకు ఒంగింది. "ఏ పక్కనమ్మా?" అని అడిగింది, మెల్లగ.

"ఎడమ," అన్నది అనూహ్య.

అన్నంక క్లిప్పు తనే తీసింది. జుట్టు తనే ఎత్తి పట్టుకున్నది.

చెవి మీది నుంచి నడినెత్తి దాక, నా అరచేయంత జాగల జుట్టు లేదు. నున్నగ కూడ లేదు. అక్కడక్కడ నువ్వుగింజంత మొలకలు, వాటి నడుమ ఎర్రటి చుక్కలు. ఒకటి రెండు చోట్ల పొక్కు కట్టింది.

"పేనుకొరుకుడా?" అన్న నేను.

"కాదండి. అదైతే నున్నగా ఉంటుంది," అన్నది హారతి గారు.

అనూహ్య అద్దంల నన్ను చూసుకుంటనే చెప్పింది. "నేనే పీక్కుంటున్నమ్మా. చదివేటప్పుడు చెయ్యి పోతది. ముందు తెల్వకుండ పోయేది. ఇప్పుడు తెల్సినంక కూడ ఆగుతలేదు."

"ఎప్పటి నుంచి?"

"రిజల్ట్ వచ్చినప్పటి నుంచి."

హారతి గారు జుట్టు మీద చెయ్యి ఏసి సర్ది, నాతోని మాట్లాడింది. "టీచర్ గారూ, ఈ ఫొటోల్లో ఏదీ పనికిరాదు. పైనుంచి కప్పుతున్నకొద్దీ లోపల ఇంకా లాగుతుంది. మొత్తం పొట్టిగా తీసేద్దాం, వేళ్ళకి దొరకనంత. అంతా ఒకేలా ఉంటే ఈ జాగా అంత కొట్టొచ్చినట్టు ఉండదు. చెయ్యి వెళ్ళినా పట్టు దొరకదు. ఈ హాస్టళ్ళ నుంచి ఇలాంటి పిల్లలు నా దగ్గరకి వస్తుంటారండి. మీరు కంగారుపడకండి. ఒక డాక్టరుకి కూడా చూపించండి, తలకి కాదు, మనసుకి చూసేవాళ్ళకి."

అనూహ్య అద్దంల నా దిక్కే చూస్తున్నది. అది ఏమీ అడగలే. అడగకపోయినా నాకు తెల్సు, సరే అనమంటున్నదని.

"అంత పొట్టిగనా? మొగపిల్లల లెక్కనా? వద్దు," అన్న నేను. "నలుగురు చూస్తే ఏమనుకుంటరు. రేపు ఎవరన్న చూడ్డానికి వస్తే ఏం చెప్పాలె. వద్దండి హారతి గారూ. నేను చూసుకుంట. లే అనూ, పోదం."

బిడ్డ లేచింది. క్లిప్పు ఎక్కడ తీసిందో అక్కడనే మళ్ళ పెట్టుకున్నది.

ఆ సాయంత్రం ఇంద్రసేన ముషీరాబాద్‌ల తన ప్లైవుడ్ షాపు నుంచి రాంగనే చెప్పిన. ఆయన చెప్పులు ఇప్పబోయి తలుపుకాడనే ఆగిండు. చెడ్డ మనిషి కాదు. భయపడ్డడు, అంతే.

"మనసు డాక్టరంటే పిచ్చి డాక్టరే కదా జయా. ఎవరికన్న తెలిస్తే పిల్ల బతుకేం గాను. పరీక్ష నెల కూడ లేదు. అయిపోనియ్యి, అప్పుడు చూద్దం." తర్వాత బిడ్డ దగ్గరికి పోయి కుర్చీ లాక్కుని కూసున్నడు. "నీ చెయ్యి నీ మాట వినదా అనూ? జర గట్టిగుండు బిడ్డా."

"ఉంట డాడీ," అన్నది.

తెల్లారి నుంచి నేను కాపలా కూసున్న. లైబ్రరీల ఎవరన్న చూస్తరని ఇంట్లనే చదువుకోమన్న. నారాయణగూడ పోయి రెండు నూలు స్కార్ఫులు తెచ్చి తలకు కట్టిన. వేళ్ళకు ప్లాస్టర్లు చుట్టిన. అది పుస్తకం చూస్తే నేను దాని చెయ్యి చూసేదాన్ని. చెయ్యి టేబుల్ మీది నుంచి లేవంగనే, "చెయ్యి," అనేదాన్ని. అది దించేది. కూర తిరగమోత ఏస్తున్నా ఒక కన్ను దాని మీదనే. "చెయ్యి అనూ." రోజుకు ఎన్నిసార్లు అన్ననో. ముక్కు మీద దురద పెట్టి చెయ్యి ఎత్తినా అన్న.

ఒకసారి అది పెన్ను కింద పెట్టి, "అమ్మా, నువ్వు అంటే ఇంకా పోతది చెయ్యి," అన్నది.

"మరి ఊకె చూసుకుంట కూసోవాల్నా?"

"చూడొద్దు కూడ."

నాకు కోపమొచ్చింది. కన్నతల్లిని చూడొద్దంటే ఎట్ల. ఆ మాట అనలే గాని, ముఖం మీద కనపడ్డదేమో, అది మళ్ళ పెన్ను తీసుకున్నది. తర్వాత బాత్రూంల ఎక్కువసేపు ఉండుడు మొదలుపెట్టింది. నేను తలుపు కొట్టేదాన్ని. లోపల నల్లా ఇప్పిన చప్పుడు వచ్చేది. ఒకనాడు నా చేతులతోని స్కార్ఫు ఇప్పి చూసిన. ఆ జాగ రెండింతలైంది. నడినెత్తి దాటి కుడి దిక్కుకు కూడ పాకింది.

అయినా హారతి గారి మాట నాకు యాదికి రాలే. వచ్చినా పక్కన పెట్టిన. ఇంకో రెండు స్కార్ఫులు కొన్న.

జూన్ల ఒక ఆదివారం పరీక్ష. సెంటర్ హైదర్‌గూడ దిక్కు ఒక కాలేజీల పడ్డది. ఇంద్రసేన దేవునికాడ దీపం పెట్టి, బిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టబోయి, స్కార్ఫు చూసి భుజం మీద పెట్టిండు. నేను తోడు పోయిన.

గేటు దగ్గర ఆడపిల్లల లైను వేరే ఉన్నది. తాడు కట్టి తోడొచ్చినోళ్ళను ఇవతల ఆపిండ్రు. నేను తాడు పట్టుకుని నిలబడ్డ. అనూహ్య హాల్ టికెట్ పట్టుకుని లైన్ల మెల్లగ ముందుకు పోయింది. దాని వెనక లైబ్రరీల దాంతోని ఒక్క టేబుల్ మీద కూసునే పిల్లలు ముగ్గురున్నరు. మాట్లాడుకుంట, నవ్వుకుంట వస్తున్నరు.

చెకింగ్ చేసే ఆమె, "స్కార్ఫ్ తియ్యాలమ్మా," అన్నది.

అనూహ్య ఏదో చెప్పింది. నాకు వినపడలే.

"అర్థమైందమ్మా, కానీ రూల్ అందరికీ ఒక్కటే. ఇట్ల నా పక్కకొచ్చి తియ్యి. ఒక్క నిమిషం. చూసి పంపిస్త." ఆమె మంచిగనే చెప్పింది. తను అడ్డం కూడ నిలబడ్డది.

అనూహ్య చెయ్యి స్కార్ఫు ముడి దాక పోయింది. వెనక ఉన్న పిల్లలు మాటలాపిండ్రు. అప్పుడు అది వెనక్కి తిరిగి నన్ను చూసింది.

నేను తియ్యమని సైగ చేస్తే చాలు. తలూపితే చాలు. ఇన్ని రోజులు రెప్ప కొట్టకుండ చూసిన మనిషిని, ఆ ఒక్క క్షణం నేను నేల చూపు చూసిన. పక్కన నిలబడ్డ వేరే తల్లిదండ్రులు కూడ అటే చూస్తున్నరని సిగ్గయింది నాకు.

మళ్ళ తల ఎత్తేసరికి అది లైన్ల లేదు. తాడు కింది నుంచి ఒంగి ఇవతలికొచ్చి, రోడ్డు దిక్కు నడుస్తున్నది. నేను ఉరికి చెయ్యి పట్టుకున్న.

"ఇంకా టైమున్నది అనూ. గేటు మూయలే. పోదం దా."

"ఆటో పిలువమ్మా," అన్నది.

ఆటో ఎక్కినం. నారాయణగూడ చౌరస్తా దాటినంక అది డ్రైవర్‌కు, "అన్నా, అశోక్ నగర్ పోనియ్యి," అన్నది.

హారతి గారు ఇంకా షట్టరు పూర్తిగ ఎత్తలే. మమ్మల్ని చూసి మొత్తం ఎత్తి దారిచ్చింది. అనూహ్య కుర్చీల కూసుని స్కార్ఫు ఇప్పి ఒళ్ళ పెట్టుకున్నది. "అక్కా, మీరు అప్పుడు చెప్పినట్టు చేయుండ్రి," అన్నది. ఈసారి అద్దంల నా దిక్కు చూడలే.

హారతి గారు మిగిలిన జుట్టును జడ అల్లి, పైన రబ్బరు కట్టి, కత్తెర పెట్టింది. నడుము దాటి ఉండే జడ. "ఇంటికి తీసుకెళ్తారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపట అనూహ్య, "వద్దక్కా," అన్నది. తర్వాత మిషను పెట్టింది. పది నిమిషాలు పట్టిందేమో. తలంతా వేలెడంత కూడ లేకుండ అయింది. ఆమె చెప్పింది నిజమే, ఆ జాగ ఇంకా తెలుస్తున్నది గాని, నేను భయపడ్డంత లేదు. పెద్ద రోగం నుంచి లేచిన పిల్ల లెక్క ఉన్నది.

మెట్లు దిగినం. జూన్ అయినా వానల్లేవు, ఎండ మండుతున్నది. అది ఆఖరి మెట్టు మీద నిలబడి, రెండు చేతులు తల మీద పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఒకసారి రుద్దుకున్నది.

"తేలికగున్నదమ్మా," అన్నది.

నేను దాన్ని చూసి, గల్లీల పోయేటోళ్ళను చూసి, "చున్ని కప్పుకో. ఎండ ఎక్కువున్నది," అన్న.

అది నన్ను చూసింది. చున్ని కప్పుకున్నది.

ఇంద్రసేన తలుపు తీసిండు. దాని తల చూసి పక్కకు జరిగి దారిచ్చిండు. పరీక్ష ఎట్ల రాసినవని అడగలే. ఆ మాట అడగకుండ మూడు రోజులు గడిచినయి. మూడు రోజులు ముగ్గురం ఎవరి పళ్ళెం వాళ్ళం చూసుకుంట తిన్నం. నాలుగో రోజు అనూహ్య సంచి సర్దింది. అశోక్ నగర్ల మహిత అనే పిల్ల ఉంటది, లైబ్రరీల దోస్తు. వాళ్ళ హాస్టల్ల ఒక మంచం ఖాళీ ఉన్నదట.

"ఇంట్ల జాగ లేదా బిడ్డా?" అన్నడు ఇంద్రసేన.

"ఉన్నది డాడీ," అన్నది.

మా ఇంటికి ఆ హాస్టల్ పావుగంట నడక. బకెట్టూ పరుపూ నేను పట్టుకున్న. గేటు కాడ మహిత వచ్చి అవి తీసుకుని లోపలికి పోయింది.

"మళ్ళ ఎప్పుడొస్తవ్?" అన్న.

"నువ్వు నా చెయ్యి చూసుడు బంద్ చేసినప్పుడు వస్తమ్మా."

"చూడ. ఇగ చూడ," అన్న. అన్నప్పుడు కూడ నా కండ్లు దాని చేతి మీదనే ఉన్నయి. అది చూసింది. సంచి భుజానికేసుకుని లోపలికి పోయింది.

మూడు నెలలు ఇంటికి రాలే. అది పరీక్షలు మళ్ళ రాయలే. ఒక కోచింగ్ సెంటర్ల పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నది. హైదర్‌గూడల డాక్టర్ దగ్గరికి నెలకోసారి పోతున్నదని మహిత చెప్తేనే తెల్సింది. దానికేదో పొడుగు ఇంగ్లిష్ పేరుందట, చానామందికి ఉంటదట, తగ్గుతదట, మళ్ళ వస్తదట. ఇంద్రసేన ఒకసారి నాతోని చెప్పకుండ ఆ డాక్టర్‌ను కలిసొచ్చిండు. ఏం చెప్పిండని అడిగితే, "మనం ముందే పోవాల్సింది జయా," అన్నడు.

ఇప్పుడు ఆదివారాలు వస్తది. ప్రతి ఆదివారం కాదు. జుట్టు పొట్టిగనే ఉంచుకుంటది. ఎడమ దిక్కు కొంత వచ్చింది, కొంత రాలే.

పోయిన వారం వచ్చినప్పుడు అన్నాలు తిన్నంక వాళ్ళ డాడీ లోపల పండుకున్నడు. నేను హాల్ల చాటల చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్న. అది నాకెదురుంగ గోడకు ఆనుకుని పేపర్ చదువుతున్నది. సెంటర్ల కొత్త మేనేజర్ గురించి రెండు ముక్కలు చెప్పింది. నేను ఊకొట్టిన. తర్వాత పేజీ తిప్పిన చప్పుడు వినపడ్డది. ఇంకో పేజీ. ఆ తర్వాత చానాసేపు ఏ చప్పుడూ లేదు.

నా చేతుల చిక్కుడుకాయ అట్లనే ఆగింది. ఒక్కసారి కండ్లెత్తితే దాని చెయ్యి ఎక్కడున్నదో తెలిసిపోతది. నేను ఆ కాయ ఈనె తీసి, గింజ ఒలిచి, ఇంకోటి తీసుకున్న. తల ఎత్తలే.